గాలిలో అయితే ముప్ఫై

కొత్త ఇస్త్రీపెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో అతను పదకొండో పేజీకి చేరేసరికి, భార్య పాత ఇస్త్రీపెట్టెతో అతని చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పడేసింది కూడా.

"అది కొని ఆరు రోజులైంది. ప్లగ్గు పెట్టడానికి ముహూర్తం చూస్తున్నారా?"

"ఇంకా మూడు పేజీలే," అన్నాడతను, కళ్లజోడు నుదుటి మీదికి తోసి పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుంటూ.

అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉండేది అమ్మేవాడి మాట, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఉండేది వస్తువు మాట అని అతని నమ్మకం. దగ్గుమందు సీసాలు, బస్సు టికెట్ల వెనక వైపు, అన్నీ చదివేవాడు. పెళ్లి ఫొటోల కవరు మీది షరతులు చదివిన పెళ్లికొడుకు లోకంలో ఈయనొక్కడే అయి ఉంటాడని భార్య ఇరవయ్యారేళ్లుగా కనబడ్డవాళ్లందరికీ చెబుతూనే ఉంది. ఆఫీసులో అతని పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. "చిన్నక్షరాలు" అంటే చాలు.

యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మెడ చుట్టూ కాలరు రెండు వేళ్లు వదులుగా ఉండేది. తీగల తొడుగులు ఒలిచీ ఒలిచీ కుడి బొటనవేలి గోరు మధ్యకు చీలిపోయింది. ఆసుపత్రుల్లో రోగి మంచం దగ్గరికే తోసుకెళ్లే ఎక్స్‌రే బండ్లు తయారుచేసే కంపెనీలో అతని ఉద్యోగం. బండి అడుగున పెట్టెలో పుట్టే వేల వోల్టుల కరెంటును పైనున్న గొట్టం దాకా ఒక కేబుల్ మోసుకెళ్లాలి. దానికి ఏ తీగ, ఏ తొడుగు, చివర్లలో ఏ కనెక్టరు అన్నది ఎంచడమే అతని పని. పాతికేళ్లుగా అదే. ఆ కేబుల్ ఎవరికీ కనబడదు. కనబడిందంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాటే.

ఆ ఉదయం అతను సీట్లో కూర్చోకముందే డిజైన్ హెడ్ వచ్చి కాగితాలు బల్ల మీద పెట్టింది. అతనికంటే పాతికేళ్లు చిన్నది. ఎనిమిది నెలలు కష్టపడి కొత్త బండికి సబ్బుబిళ్లలాంటి నున్నటి కవరు గీసి, నమూనా బండి చేయించింది. సాయంత్రం నాలుగింటికి యజమాని వచ్చి చూసి సరేనంటే తయారీకి వెళ్లిపోతుంది.

"మీ సంతకం ఒక్కటే తక్కువ సర్. మీకు శ్రమెందుకని కనెక్టర్ కూడా నేనే వెతికి పెట్టేశా. బొటనవేలంతే ఉంది, డెబ్బయ్యయిదు వేల వోల్టులు తట్టుకుంటుందట. మనకి కావలసింది అరవయ్యేగా!"

అతను కాగితాల్లో ఉన్న కేటలాగు తెరిచాడు. డెబ్బయ్యయిదు పక్కనున్న చుక్క గుర్తు మీద వేలు పెట్టి, అక్కణ్నించి మెల్లగా పేజీ అడుగుకు జారాడు. కళ్లజోడు నుదుటి మీదికి వెళ్లింది.

"నూనె ఎక్కడ పోస్తున్నామమ్మా?"

"నూనేంటి సర్?"

"నూనెలో మునిగి ఉంటేనే డెబ్బయ్యయిదు. గాలిలో అయితే ముప్ఫై అని రాశాడు."

ఆమె పేజీని వెలుతురుకు పట్టి చూసింది. "ఇది దుమ్మనుకున్నా సర్," అంది నీరసంగా.

అతను సొరుగులోంచి గుప్పెడంత కనెక్టరు తీసి బల్ల మీద పెట్టాడు. గాలిలో అరవై వేలు తట్టుకునేది అదే. అది పెడితే కేబుల్ వంపు తిరగడానికి చోటు చాలదు. బండి వీపు మీద కవరు ఉబ్బాలి.

"గూని పెట్టమంటారా? ఎనిమిది నెలలు సర్!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతనికి జాలేసింది. ఆ కవరంటే అతనికీ ఇష్టమే. ఎవరూ లేనప్పుడు రెండుసార్లు నిమిరి చూశాడు కూడా.

"మీరు సంతకం పెట్టకపోతే సారుకి చెప్పి నేనే పెట్టేస్తా. మీ సంగతి అందరికీ తెలిసిందే కదా," అందామె.

తెలిసిందే మరి. నిరుడు భోజనాల గదిలో ఫ్యాను బిగించనివ్వకుండా పదకొండు రోజులు ఆపి, నలభై మందికి చెమటలు పట్టించిన ఘనుడు. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? గొంతు పెంచి వాదించడం అతనికి పుట్టుకతోనే రాలేదు. కానీ ఆమె సంతకం పెడితే రేపు ఎక్కడో ఒక నర్సు ఆ బండి మీద చెయ్యి వేస్తుంది. కేటలాగు మూసి లేచాడు.

"ఒక్కసారి టెస్టు గదికి రామ్మా," అన్నాడు.

టెస్టు గది ఆపరేటరు బొటనవేలంత కనెక్టరును బిగించి, అద్దం ఇవతలికి వచ్చి మీట తిప్పాడు. ఇరవై వేలకు ఏమీ కాలేదు. ముప్ఫైకీ కాలేదు. ఆమె అతని వైపు చూసింది, అతను నేల చూపులు చూశాడు. ముప్ఫయ్యెనిమిదికి సన్నగా చుయ్‌మంది. నలభై నాలుగుకు ఫట్‌మని నీలం గీత ఒకటి ఎగిరి, కనెక్టరు మెడ నల్లబడింది.

"నూనె లేకపోయినా బాగానే వేగింది," అన్నాడు ఆపరేటరు.

ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంటోంది.

"వచ్చినవాళ్లందరికీ కవరు మీద సరిగ్గా అది ఉండే చోటే చెయ్యి వేసి చూపిస్తుంటాను సర్ నేను," అంది.

"అందుకేనమ్మా."

ఇద్దరూ తిరిగొచ్చి డ్రాయింగు ముందు కూర్చున్నారు. ఆమె పెన్సిలుతో బండి వీపున ఒక ఉబ్బు గీసింది. "ఇంకాస్త పెంచమ్మా, కేబుల్‌కి ఊపిరాడాలి," అన్నాడు. చెరిపి పెంచింది. అతను సంతకం పెట్టాడు. అది ఎక్కడుందో వెతకడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. నాలుగింటికి యజమాని, నమూనా బండికి బంకమట్టితో అద్దిన గూని చుట్టూ రెండుసార్లు తిరిగి, ముఖం చిట్లించి, మాడిన కనెక్టరు చూసి సరేనన్నాడు.

"ఇవాళ ఏం వెలగబెట్టారు?" అని ఇంట్లో భార్య అడిగింది.

"ఒక కనెక్టరు మార్చాను."

"అంతేనా?"

"అంతే."

టీ తాగి కుర్చీలోనే కునుకు తీశాడు. భోజనానికి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందనీ, నొప్పి తెలిసి ఉండదనీ డాక్టరు అన్నాడు.

"తెలిసినా చెప్పే మనిషి కాదండీ," అంది భార్య, అతని కాలరు సర్దుతూ. ఆ తర్వాతే ఏడ్చింది.

ఏడాది దాటాక డిజైన్ హెడ్ పనిమీద ఒక ఆసుపత్రికి వెళ్లింది. నడవాలో నర్సు ఒకావిడ ఆ బండిని తోసుకుంటూ ఎదురైంది. పిడి వదిలేసి, రెండు చేతులూ గూని మీదే ఆనించి తోస్తోంది.

"పిడి ఉందిగా అండీ?" అంది డిజైన్ హెడ్.

"ఇదే చేతికి కుదిరింది మేడమ్. ఎవరు పెట్టారో మహానుభావులు!"

బండి మలుపు దగ్గర ఆగింది. గూని మీద తెల్ల రంగు రెండు అరచేతుల మేర అరిగిపోయి, అడుగున బూడిదరంగు నున్నగా మెరుస్తోంది.