అందరి ముందూ చెప్పాల్సిన మాట

నర్సింగ్ పిల్లలు దీపాలు వెలిగించి ప్రమాణం చేసే రోజున ముఖ్య అతిథిగా డాక్టర్ నారాయణను పిలుద్దామని ప్రిన్సిపాల్‌కు చెప్పింది మాధవీలతే. మేడ్చల్‌లో సొంత ఆసుపత్రి ఉన్న పెద్దమనిషి కదా అని ప్రిన్సిపాల్ వెంటనే ఒప్పుకున్నాడు.

కొన్నేళ్ల కింద ఆమె ఆ ఆసుపత్రిలోనే నర్సు. కడుపునొప్పితో గౌడవెల్లి నుంచి వచ్చిన మైసమ్మకు, ఇది మందులతో తగ్గేదే, గర్భసంచి తీయనక్కర్లేదని చెవిలో చెప్పింది. సంగతి తెలిసిన నారాయణ రోగులందరి ముందూ ఆమెను నిలబెట్టి, ప్రొఫెషనలిజం అంటే తెలుసా నీకు అని కడిగేశాడు. ఉద్యోగం పీకేశాడు. చుట్టుపక్కల ఏ ఆసుపత్రీ ఆమెను గడప తొక్కనివ్వకుండా చేశాడు. మైసమ్మను క్యాన్సరని బెదిరించి కోత కోసేశాడు.

ప్రొఫెషనలిజం అన్న ఆ మాట మాధవీలతను లోపల తొలుస్తూనే ఉంది. ఈ శామీర్‌పేట నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికాక, అది అసలు ఎక్కడ పుట్టిందో వెతికి చదివింది.

సభలో నారాయణ, పైవాళ్లకు ఎదురు చెప్పకపోవడమే ప్రొఫెషనలిజం అని ఉపన్యాసం ఇచ్చాడు. తర్వాత ఆమె మైకు అందుకుంది. ఒకప్పుడు యూరప్‌లో, మఠంలో చేరేవాళ్లు నలుగురి ముందు గొంతెత్తి చేసే ప్రమాణాన్నే ప్రొఫెషన్ అనేవాళ్లని, ఈ మాట అందులోంచే పుట్టిందని చెప్పింది. వైద్యులకూ వకీళ్లకూ అది తర్వాత వచ్చిందట. యజమానికి అణిగి ఉండడమనే అర్థం అప్పట్లో లేదంది.

"సార్, పిల్లలకంటే ముందు మీరు చెప్పండి, రోగికి హాని చేయనని. ముందు వరుసలో కూర్చున్నామెకు వినబడాలె."

నారాయణ అటు చూశాడు. మాధవీలత పిలిస్తే వచ్చిన మైసమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నాకు క్యాన్సర్ ఉండెనా సారూ? గిప్పుడు అందరి ముంగట చెప్పు."

ఆయన ముఖం పాలిపోయింది. శాలువా కుర్చీలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

పిల్లల ఫోన్లలోని ఆ దృశ్యం సాయంత్రానికల్లా మేడ్చలంతా పాకింది. కోతలు పడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. విచారణ మొదలై ఆసుపత్రికి తాళం పడింది. అయినా అతిథిని అవమానించినందుకు నారాయణకు క్షమాపణ చెబితే ఉద్యోగం ఉంటుందని ప్రిన్సిపాల్ అన్నాడు. మాధవీలత చెప్పలేదు. ఆ కొలువూ పోయింది.

ఆ కోత వల్ల మైసమ్మ ఇప్పటికీ నాట్లకు వంగలేకపోతోంది. అంతా ఆమె కోసమే చేశానని మాధవీలత అనుకోబోయింది. నిజానికి నారాయణ ముఖం పాలిపోవడం చూడాలనే చేసింది. అది తలుచుకుంటే చాలు, ఆమెకు కడుపు నిండినట్టుంటుంది.