బలమైన తిండి

నేను ఒక ఐస్ పెట్టెను. పైకి నీలం, లోపల తెలుపు, మధ్యలో నురగలాంటి దళసరి పొర. పెద్దవాళ్ళు "నీ కడుపు చల్లగుండ" అని దీవిస్తారే, ఆ దీవెన అక్షరాలా ఫలించింది నా ఒక్కదానికే. నా కడుపు చల్లగా లేకపోతే నాకు విలువ లేదు, నన్ను మోసేవాళ్ళకు మనశ్శాంతి లేదు.

పుట్టింది ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో, సలసల కాగే ముద్దను అచ్చులో పోస్తే. జీవితమంతా చల్లగా ఉండాల్సినదాన్ని అంత వేడిలో పుట్టించడం మనుషులకే చెల్లింది. నన్ను మొదట కొన్నది నర్సీపట్నం బస్టాండులో కూల్‌డ్రింకులు అమ్మే ఆసామి. ఎండ మండిపోతుంటే నా మూత మీదే కూర్చుని బేరాలాడేవాడు. సీసా కావాలన్నవాడు వస్తే తప్ప లేచేవాడు కాడు. ఆయన దుకాణం ఎత్తేశాక ఆరోగ్య కేంద్రం వాళ్ళు నన్ను కొని పోలియో చుక్కల మందు పెట్టారు. అంతే, నా మూత మీద ఈగ వాలినా తోలేవాళ్ళు తయారయ్యారు. నేను మారలేదు, లోపలి సరుకు మారింది. మనుషుల మర్యాదంతా లోపలి సరుకుకే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ కేంద్రంలో నర్సుగా పనిచేసే ఎస్తేరు ఒక మందుల పరిశోధనలో చేరినప్పుడు నన్ను కూడా వెంట తీసుకెళ్ళింది. అప్పటినుంచి నాలో రక్తం.

పరిశోధన సంగతి నాకు తెలిసినంతలో చెబుతాను. హెచ్ఐవీ ఉన్నవాళ్ళు బతికున్నన్నాళ్ళూ రోజూ మాత్ర వేసుకోవాలి. మన్యంలో ఉన్నవాళ్ళయితే వాళ్ళకు మలేరియా కూడా తప్పదు. దానికి ఇంకో మాత్ర. ఈ రెండు మందులూ ఒకే ఒంట్లో తోడికోడళ్ళలా సర్దుకుపోతాయా, లేక మొదటిది రెండోదాన్ని పనిచెయ్యనివ్వకుండా అణిచేస్తుందా? అది తేల్చాలని విశాఖపట్నంలో డాక్టర్ సువర్చల పట్టుదలగా కూర్చుంది. ఎస్తేరు కొండల మీది ఊళ్ళు తిరిగి రక్తం తీసి నాలో పెట్టి పంపితే, ఆ రక్తంలో మలేరియా మందు ఎంతుందో అక్కడి యంత్రం చెబుతుంది. సువర్చల యంత్రం చెప్పిన అంకెను ఎవరికోసమూ అటూ ఇటూ జరపనిచ్చే మనిషి కాదు. ఆమె కింద పనిచేసేవాళ్ళు ఆమెను చూస్తే హడలిపోయేవారు.

పని మొదలయ్యే ముందు ఆమె ఎస్తేరును కూర్చోబెట్టి చెప్పిన మాట నేను పక్కనుండి విన్నాను. "ఈ మలేరియా మాత్ర వట్టి నీళ్ళతో వేసుకుంటే ఒంటికి పట్టదు. కొవ్వు ఉన్న తిండి తిన్నాకే వేసుకోమని చెప్పు. మర్చిపోకు."

ఎస్తేరు మర్చిపోలేదు. కానీ మొదటి ఇంటి గుమ్మంలోనే ఆమె నాలుకకు ఆ మాట అడ్డం పడింది. ఎముకల గూడులా చిక్కిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, "నువ్వు కొవ్వు తినాలి" అని ఎలా అంటుంది? మన తెలుగులో కొవ్వు అనే మాట తిట్టడానికి పనికొచ్చినంతగా తినడానికి పనికిరాదు. ఒళ్ళు కొవ్వెక్కిందనీ, కొవ్వు కరిగిస్తాననీ వినని చెవి ఉందా? అందుకని ఆ తల్లి మర్యాదగా, "బలమైన తిండి తిని మాత్ర వేసుకో అమ్మా" అంది. ఎదుటివాళ్ళు తల ఊపారు. నాకు నోరుంటే ఆ పూటే గోల చేసి ఉండేదాన్ని. కానీ నాకున్నది మూత మాత్రమే.

పాడేరు ఘాటీ ఎక్కాక ఒక మలుపులో వంతాల కాసులమ్మ ఇల్లు. ఆమెకూ ఆమె భర్త సోమన్నకూ హెచ్ఐవీ సోకింది. సోమన్న కొన్నేళ్ళ కిందటే జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో మిగిలింది కాసులమ్మ, అత్త సన్యాసమ్మ. కోడలి జబ్బేమిటో సన్యాసమ్మకు తెలుసు. తెలిసినా ఆమెను వెలివేయలేదు, వేరే కంచం పెట్టలేదు. కొడుకు దక్కలేదు, కోడలైనా దక్కాలని పంతం పట్టింది. కాసులమ్మకు మొదట ఇచ్చిన హెచ్ఐవీ మందు పడలేదు. ఒంట్లో రక్తం ఇంకిపోయి చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. తర్వాత మార్చి ఇచ్చిన మందుతోనే లేచి తిరుగుతోంది.

ఆ కాసులమ్మకు మలేరియా వచ్చింది. ఎస్తేరు మాత్రలిచ్చి కళ్ళముందే మింగించింది. అన్ని పూటలూ అయ్యాక రక్తం తీసింది. నేను అరుగు మీద ఉన్నాను. సన్యాసమ్మ కోడలికి గిన్నె అందిస్తుంటే లోపల ఏముందో చూశాను. చోడి అంబలి, అదే రాగి జావ, పల్చగా, నూనె వాసన కూడా లేకుండా. అయ్యో అనుకున్నాను. అనుకుని ఏం లాభం?

రక్తం విశాఖ చేరింది. అంకె వచ్చింది. మందు ఉండాల్సినదాంట్లో పిసరంత ఉంది. ఆ అంకె ఇంకా సువర్చల బల్ల మీద ఉండగానే కాసులమ్మకు జ్వరం తిరగబెట్టిందని కబురొచ్చింది. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు.

సువర్చల పైన ఉన్న ప్రొఫెసర్ ఫోనులో తేల్చేశాడు. "ఆవిడ మాత్రలు ఊసేస్తోందమ్మా. పేరు తీసెయ్యండి."

"నర్సు ఎదురుగానే మింగింది సార్. పేరు తీసేస్తే జ్వరం పోదు కదా. నాకైతే హెచ్ఐవీ మందే దీన్ని అణిచేస్తోందని అనుమానం."

"అయితే ఆ మందు మార్పించండి."

సువర్చల ఫోను పెట్టేసింది. మార్చడానికి ఆ ఆస్పత్రిలో ఉన్నది కాసులమ్మకు పడని ఆ పాత మందొక్కటే. మారిస్తే ఆ మందు చంపుతుందేమో, మార్చకపోతే మలేరియా చంపుతుంది. ఆ మాట రాసి పంపడానికి ఆమెకు చెయ్యాడలేదు. నన్ను జీపులో వేసుకుని తనే బయల్దేరింది. దారిలో ఎస్తేరును ఎక్కించుకుంది.

కాసులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. సంగతి విని ఏడవలేదు, సువర్చల చెయ్యి మాత్రం పట్టుకుంది.

"ఆ పాత మందొద్దు డాట్రమ్మా. అదేసినప్పుడు నాను సచ్చిపోనాననే అందరూ అనుకున్నారు. దానికంటే ఈ జొరమే నయం."

"ఈ జ్వరం ఇంకోసారి తిరగబెడితే నువ్వు తట్టుకోలేవు కాసులమ్మా."

"తట్టుకోకపోతే పోతాను. అది మాత్రం మింగను."

ఇంతలో మాత్ర వేసే వేళయింది. సన్యాసమ్మ లోపల్నుంచి గిన్నె తెచ్చింది. చూడవమ్మా, ఒక్కసారి ఆ గిన్నెలోకి చూడు అని మనసులో మొత్తుకున్నాను. ఆమె చూడలేదు. రక్తం తీసే సూది సర్దుకుంటోంది. చివరికి కాపాడింది ముసలమ్మ గర్వమే.

"డాట్రమ్మా, మీరు మందు మారుత్తామంటన్నారు గానీ, మా వైపు నుంచి ఏ తప్పూ నేదండి," అంది సన్యాసమ్మ. "బలమైన తిండి ఎట్టమన్నారు సిస్టరమ్మ. సోడంబలి కంటే బలమేటుంటాది? పత్తెం తప్పితే మందు పన్జెయ్యదని నూనె సుక్క తగల్నివ్వనేదు. గుడ్డు నేదు, కూర నేదు. కంటికి రెప్పలా కాసుకున్నాను."

సువర్చల సూది కింద పెట్టి నర్సు వైపు తిరిగింది.

"ఎస్తేరూ, వీళ్ళకి ఏమని చెప్పావు?"

"బలమైన తిండి అని చెప్పానండీ."

"కొవ్వు అని చెప్పలేదా?"

ఎస్తేరు తల దించుకుంది. "జబ్బుతో ఉన్న మనిషిని పట్టుకుని కొవ్వు అని ఎలా అనమంటారమ్మా?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జ్వరమొస్తే తన తల్లి కూడా చారన్నం తప్ప ఏదీ పెట్టేది కాదని సువర్చలకు గుర్తొచ్చి ఉంటుంది. ఇంత చదివి, ఈ ముసలమ్మ పెట్టే పథ్యం గురించి ఒక్క ప్రశ్న అడగాలని తనకే తోచలేదు. ఆమె ముఖంలో సిగ్గు నాకు స్పష్టంగా కనిపించింది.

"పెద్దమ్మా, ఇంట్లో గుడ్లున్నాయా? వలిసె నూనె ఉందా? నూనె ఎక్కువ పోసి వేయించి పెట్టండి. అది తిన్నాకే మాత్ర."

సన్యాసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "జొరం మీద నూనా? పిల్ల సచ్చిపోద్దమ్మా. నానెట్టను."

"నా మాట నమ్మండి."

"మిమ్మల్ని నమ్మబట్టే ఇన్నాళ్ళూ మాత్రలు మింగించాను. ఇది మాత్రం నా సేత్తో సెయ్యను."

ఇద్దరూ కదలలేదు. ఒకరిది చదువు, ఒకరిది ప్రేమ. మధ్యలో కాసులమ్మ పళ్ళు టకటకలాడుతుంటే దుప్పటి బిగించుకుని అంది.

"ఎయ్యత్తా. నానే అడుగుతున్నాను. పోతే నా రాత. నీ మీద ఎవలూ అనరు."

ముసలమ్మ లోపలికి కదిలింది. ఆమె గుడ్డు కొట్టి నూనె పోయడం వాకిట్లోంచి నాకు కనిపించింది. కాసులమ్మ ఆ గుడ్డును నూనెతో సహా తిని మాత్ర మింగింది. సన్యాసమ్మ పక్కనే కూర్చుని, ఏ క్షణాన ఏమవుతుందోనని కోడలి ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

మాత్రలయ్యేదాకా ప్రతి పూటా అలాగే సాగింది. ఆ తర్వాత తీసిన రక్తాన్ని తెచ్చిన ప్రయాణం నేను మర్చిపోలేను. ఘాటీలో కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. ముందూ లారీలే, వెనకా లారీలే. నా కడుపులో ఐస్ కరిగి నీళ్ళవుతోంది. రక్తం వేడెక్కితే అంకె తప్పొస్తుంది. అంకె తప్పొస్తే కాసులమ్మకు మళ్ళీ ఆ పాత మందే గతి. ఎస్తేరు నన్ను చంకన పెట్టుకుని బండ్ల మధ్య పరుగెత్తి, చేపల వ్యాను వాణ్ణి బతిమాలి ఐస్ అడిగింది. వాడు చేపల కింద నుంచి తీసి ఇచ్చాడు. ఆ నీచు వాసన చాన్నాళ్ళు నన్ను వదల్లేదు. నేనేమీ అనుకోలేదు.

అంకె వచ్చింది. మందు ఒంటికి పట్టింది. హెచ్ఐవీ మాత్ర కొంత అణిచినా, తిండి సరిగ్గా ఉంటే మలేరియా మాత్ర కాసులమ్మ ఒంట్లో తన పని తాను చేసుకుపోతోంది. సువర్చల ఆ కాగితాన్ని ఎస్తేరు చేతిలో పెట్టి, ఆమె భుజం మీద చెయ్యేసింది. కాసులమ్మకు మందు మార్చలేదు, జ్వరం తిరగబెట్టలేదు.

చివరిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు కాసులమ్మ పొలం వెళ్ళింది. సన్యాసమ్మ ఒక్కతే ఉంది. నీళ్ళిచ్చి, నా పక్కనే అరుగు మీద కూర్చుంది. సంబరంగా ఉంటుందనుకున్నాను. ఆమె ముఖంలో సంబరం లేదు. ఇన్నాళ్ళుగా ఏదో ఒక్కటే ఆలోచిస్తూ ఉన్నట్టుంది.

"డాట్రమ్మా, ఒక మాట. మా సోమన్నకీ జొరమే వొచ్చింది. మాత్రలిచ్చినారు. ఆడికీ నానే పత్తెం ఎట్టినాను. వొట్టి అంబలే."

ఎస్తేరు చప్పున సువర్చల వైపు చూసింది.

"ఆ మాత్రలూ పసుప్పచ్చగానే ఉండేవమ్మా," అంది ముసలమ్మ.

అవే మాత్రలు. మాత్రలు కొండల మీదికి ఎప్పటినుంచి వస్తున్నాయో సువర్చలకు తెలియనిది కాదు. అంకెను జరపనివ్వని ఆ మనిషి ముఖం ఎప్పటిలాగే ఉంది. గొంతు కూడా ఎప్పటిలాగే ఉంది.

"రంగొకటే పెద్దమ్మా. మందు వేరు. అప్పటి మందుకి పథ్యమే మంచిది. మీరు సరిగ్గానే చేశారు."

"నిజమేనా సిస్టరమ్మా?"

ఆదివారం ఆదివారం చర్చిలో కూర్చునే ఎస్తేరు, అబద్ధమాడితే నిద్ర పట్టదనే ఎస్తేరు, "నిజమేనమ్మా" అంది.

సన్యాసమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అలాగే అనుకుంటానమ్మా," అంది. "మీరింత దూరం వొచ్చి సెప్పినారు గదా. అలాగే అనుకుంటాను."