నూకరాజు కట్టిన చీర

రాయపూర్ చీరల షాపులో నూకరాజు ఉద్యోగం ఏమిటయ్యా అంటే, చీర కట్టుకోవడం. ప్యాంటు మీదే నడుముకు తాడు బిగించి, చిటికెలో కుచ్చిళ్ళు పోసి, పైట వేసుకుని అద్దం ముందు తిరుగుతాడు. ఒంటి మీద చూస్తే గానీ ఆడవాళ్ళకు చీర నచ్చదు మరి. తోటివాళ్ళు వదినగారూ అన్నట్టు భాభీజీ అని వెక్కిరిస్తే ఇన్నేళ్ళూ నవ్వేసి ఊరుకున్నాడు.

కూతురు ప్రీతి, శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో తనతో పనిచేసే కిరణ్‌ను ఇష్టపడింది. వాళ్ళది రైల్వే కుటుంబం, తెలుగువాళ్ళే, పరువు పట్టింపు ఎక్కువ. మీ నాన్న ఏం చేస్తారని అడిగితే ఏదో షాపులో మేనేజరని చెప్పమన్నాడు నూకరాజు. పిల్ల వద్దంది. అతను వింటేగా! చివరికి అలాగే చెప్పింది. ఆదివారం పెద్దవాళ్ళు ఇంటికి రావాలి.

శుక్రవారమే కొంప మునిగింది. కిరణ్ తల్లి నళిని, కాబోయే కోడలికి చీర కొంటానని ప్రీతిని వెంటబెట్టుకుని, సంగతి తెలియక సరాసరి ఈ షాపుకే వచ్చింది. ఇంకో షాపుకు పోదామని పిల్ల ఎంత బతిమాలినా వినలేదట. తండ్రిని చూసి ప్రీతి ముఖం పాలిపోయింది. పలకరించొద్దని అతను కళ్ళతోనే చెప్పాడు.

నళినికి ఆకుపచ్చ ధర్మవరం చీర నచ్చింది. ఒంటి మీద వేసి చూపించమంది. మా భాభీజీ ఉందిగా అని యజమాని పళ్ళికిలించాడు. ఇప్పుడు కడితే ఆదివారం ఇదే మొహం ఆవిడకు చూపించాలి. కడుపునొప్పని తప్పించుకుందామనుకునే లోపే చీర భుజం మీద పడింది.

కట్టాడు. కంగారులో కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా దిగాయి. షాపంతా నవ్వింది. నళినీ నవ్వింది.

ప్రీతి లేచి వచ్చి, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని కుచ్చిళ్ళు సర్దసాగింది.

"లెగమ్మా. ఆళ్ళు సూత్తన్నారు," అన్నాడు పళ్ళ బిగువున.

"కదలకు నాన్నా," అంది ప్రీతి, అందరికీ వినబడేలా.

నవ్వులు ఆగిపోయాయి. మీ నాన్న మేనేజరన్నావు కదా అని నళిని నిలదీసింది.

"అబద్ధం చెప్పానండీ. చీరలు కట్టి చూపించడమే మా నాన్న పని. నాకు చీర కట్టడం నేర్పిందీ ఆయనే."

ఆదివారం సంగతి ఫోన్ చేసి చెబుతామని నళిని లేచింది. గుమ్మం దాటి వెనక్కి చూసింది. ప్రీతి కదల్లేదు, తండ్రి పైట మడతలు సరిచేస్తూ అక్కడే ఉంది. ఆవిడ వెళ్ళిపోయింది.

నూకరాజుకు ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, అమ్మాల్సిన సరుకని గుర్తొచ్చి ఆగాడు.