నలభై ఒక్క మెట్లు

“ఒక్క ఆరు నెలలు ఓపిక పట్టండి అల్డినా గారూ. మరమ్మతు కాగానే తాళంచెవి మళ్ళీ మీ చేతిలోనే పెడతాను. మా అమ్మ మీద ఒట్టు.”

లిస్బన్ పాతపేటలో ఇంటి యజమాని క్వారేష్మా ఈ మాటన్నది మూడేళ్ళ కిందట. మరమ్మతు అయింది. తాళంచెవి మాత్రం వారానికొక పర్యాటకుడి చేతిలోకి పోతోంది.

అంతకుముందు యాభై రెండేళ్ళు ప్రతి శనివారం అల్డినా పని ఒకటే. బకెట్టు నీళ్ళు, సబ్బుముక్క, బ్రష్షు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఆ మేడ చెక్కమెట్లు నలభై ఒక్కటీ కడగడం. ఇల్లు ఖాళీ చేసిన రోజున మెట్లు వీధి మలుపు దాకా ఆమె వెంటపడ్డాయి. “పోండి, ఇంటికి పోండి” అని అదిలిస్తే వెనక్కి మళ్ళాయి.

“సాకిన చెయ్యి కదా, పాపం” అంది ఎదురింటి సెలెస్త్, బట్టలు ఆరేస్తూ.

ఇల్లెవరిది? కాగితం ఉన్నవాడిదా, కాపురం ఉన్నవాళ్ళదా? చట్టం మొదటిదే అంటుంది. మెట్లకు చట్టం చదవడం రాదు.

ఈ మే నెలలో అల్డినా, కూతురు గ్రాసా, మనవడు తొమే ఇప్పుడు తాముంటున్న బేజా ఊరి నుంచి బస్సెక్కి వారాంతం గడపడానికి లిస్బన్ వచ్చారు. దిగే చోటు తొమే ఫోన్లో బుక్ చేశాడు. రెండో అంతస్తు. వాళ్ళ ఇల్లే.

“మనింట్లో మనమే అతిథులం” అంది గ్రాసా, చిన్నప్పుడు తనకు స్నానం పోసిన తొట్టిలో ప్లాస్టిక్ పూలు చూసి.

పై అంతస్తులో కాపురముండే క్వారేష్మా దిగొచ్చాడు. “అయ్యో, మీరా! ఎంత సంతోషం. ఆదివారం పదకొండింటికల్లా ఖాళీ చేస్తారుగా?”

“చేస్తాం బాబూ. ఖాళీ చెయ్యడం నువ్వే నేర్పావుగా” అంది అల్డినా.

మెట్ల నిండా మూడేళ్ళ మురికి. పెట్టెల చక్రాలు అంచులు కొరికేశాయి. ఆమె సాయంత్రం దాకా కడిగింది. చెయ్యి తగిలిన చోటల్లా చెక్క కిర్రుమని ఒళ్ళు విరుచుకుంది.

“నీకేం కావాలి అమ్మమ్మా?” అన్నాడు తొమే, మురికినీళ్ళు పారబోసి వచ్చి.

“నా తాళంచెవి. జూన్ పన్నెండు రాత్రి సెయింట్ ఆంటోనీ పండక్కి నా గుమ్మం ముందు నాలుగు సార్డీన్ చేపలు కాల్చుకోవాలి. బేజాలో కాలిస్తే చేపకు ఆ రుచి రాదురా. నాకింకెన్ని పండగలున్నాయని?”

ఆదివారం పదకొండుకు ముగ్గురూ దిగారు. వీధిలోకొచ్చాక అల్డినా వెనక్కి తిరిగి చూసింది. ఈసారి అదిలించలేదు.

ముందు అన్నిటికన్నా పై మెట్టు, తర్వాత దాని కిందిది, అలా వరసగా నలభై ఒక్కటీ వీధిలోకొచ్చి ఆమె వెనక నిలబడ్డాయి.

పైన కిటికీ దఢాలున తెరుచుకుంది. “అల్డినా గారూ! నేనెలా దిగాలి?”

“మరమ్మతు బాబూ. ఒక్క ఆరు నెలలు ఓపిక పట్టు.”

బేజా బస్సు డ్రైవరు “పొడుగువి అడుగున పెట్టండమ్మా” అని డిక్కీ తెరిచాడు.

ఫైరింజను నిచ్చెన ఆ సందులో పట్టలేదు. క్వారేష్మా తాడుకు బుట్ట కట్టి దించుతుంటే సెలెస్త్ రోజుకొక రొట్టె వేస్తోంది, మెత్తనిదేం కాదు.

తొమే క్వారేష్మాకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఇల్లు సరుకు కాదు, నగరం హోటలు కాదు, అన్నీ ఉన్నాయందులో. అమ్మమ్మ మొత్తం విని, “అంతా నిజమే నాన్నా. కానీ బుట్ట చిన్నది” అంది.

చివరికి సెలెస్త్ రొట్టెతోపాటు పైకి వెళ్ళింది, అమ్మమ్మ చెప్పగా తొమే రాసిన ఈ చీటీ:

“తాళంచెవి బుట్టలో దించండి. మెట్లు ఆ పూటే వస్తాయి. వాటికి మాట తప్పే అలవాటు లేదు. జవాబు జూన్ పన్నెండు, మధ్యాహ్నం లోగా.”