గ్వెన్నో తీరంలో బాల్చీ చప్పుడు

గ్వెన్నో తీరం అందంగా ఉంటుందని చెప్పేది ఎప్పుడూ బయటివాళ్లే. వేసవిలో కారవాన్లు వేసుకుని వస్తారు, ఆ మెత్తటి ఇసుక చూసి నోళ్లు వెళ్లబెడతారు, ఫొటోలు తీసుకుని పోతారు. ఆటుకి సముద్రం రెండు మైళ్లు వెనక్కి తగ్గి, ఇసుకంతా తడితడిగా మెరుస్తుంటే చూడ్డానికి నిజంగానే బాగుంటుంది, కాదనను. కాని చిన్నప్పటినుంచీ అక్కడ గుల్లలు ఏరుకుని బతికిన టెగ్వెన్‌కి ఆ ఇసుకంటే ఏనాడూ నమ్మకం లేదు. నిన్న నీటిపాయ ఉన్నచోట ఇవాళ ఉండదు. నిన్న బండి నడిచినచోట ఇవాళ మోకాళ్లదాకా దిగబడతారు.

అలాంటి ఇసుక మీదికి ఆ శనివారం ఆమె నెస్ట్‌ని తీసుకెళ్లాల్సి వచ్చింది. నెస్ట్ ఆమె చెల్లెలు మార్గెడ్ కూతురు. పదమూడేళ్ల కిందట మార్గెడ్ గుల్లలకని వెళ్లి పొగమంచులో చిక్కుకుంది. బుట్ట దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి ఆరేళ్ల పిల్లని తండ్రి కార్డిఫ్ తీసుకుపోయాడు. మళ్లీ ఈ ఊరి మొహం చూపించలేదు. ఇప్పుడు పందొమ్మిదేళ్లు వచ్చాక ఆ పిల్ల తనంతట తనే రైలెక్కి వచ్చేసింది.

"అమ్మ వెళ్లిన చోటు చూడాలి పెద్దమ్మా."

"చూడ్డానికేముందే అక్కడ? ఇసుక, నీళ్లు. అంతే."

"ఆ ఇసుకే చూపించు."

టెగ్వెన్ మొగుడు ఎమ్రిస్ పడవ రేవు గట్టు మీద కూచుని పైపు వెలిగించుకుంటున్నాడు. "తీసుకెళ్లవే, పాపం అంత దూరం నుంచి వచ్చింది. పోటు తిరగడానికి ఇంకా మూడు గంటలుంది. మంచు దిగితే నేను లేనూ, బాల్చీ కొడతాను."

"నీ వాయింపు వింటే గుల్లలు కూడా పారిపోతాయయ్యా," అంది టెగ్వెన్.

ఆ ఊళ్లో మంచు దిగితే ఒడ్డున ఉన్నవాళ్లు రేకు బాల్చీ బోర్లించి, గుల్లలు గీరి తీసే పళ్లకర్ర కాడతో కొడతారు. ఇసుక మీద ఉన్నవాళ్లు ఆ చప్పుడు పట్టుకుని నడిచి వచ్చేస్తారు. ఇంటికొక వరస. టెగ్వెన్ పుట్టింటి వరస మూడు గబగబా దెబ్బలు, ఒక్క ఊపిరి ఆగి, ఒక పెద్ద దెబ్బ. ఆ ఊపిరి ఆగడం ఎమ్రిస్‌కి ముప్పై ఏళ్లలో చేతకాలేదు. తొందర మనిషి, నాలుగూ కలిపి బాదేస్తాడు. ఎవరు ఎలా కొట్టినా నియమం మాత్రం ఒకటే. వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చేదాకా కొట్టడం ఆపకూడదు.

మార్గెడ్ పోయిన రోజున బాల్చీ దగ్గరున్నది టెగ్వెన్. ఆ విషయం ఊరందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. అది ఆమె కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఇద్దరూ ముప్పావుగంట నడిచి చివరి ఇసుక తిప్ప చేరారు. అటు పక్కనే సముద్రం సన్నగా గీత గీసినట్టు కనిపిస్తోంది. నెస్ట్ బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది.

"ఇక్కడేనా?"

"బుట్ట దొరికిందిక్కడే."

ఆ పిల్ల ఏడుస్తుందేమోనని టెగ్వెన్ భయపడింది. ఏడవలేదు. వంగి ఇసుక మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ ఉండిపోవడమే కొంప ముంచింది. తల తిప్పి చూసేసరికి సముద్రపు గీత లేదు. తెల్లగా, చప్పుడు లేకుండా మంచు వచ్చేసింది. పట్టపగలే అయినా నాలుగడుగుల దూరంలో ఏమీ కనిపించలేదు.

టెగ్వెన్ తన శాలువా తీసి ఒక కొస తన మణికట్టుకీ, ఇంకో కొస నెస్ట్ మణికట్టుకీ కట్టింది. "మాట్లాడకు, విను."

ఎంతోసేపు వినక్కర్లేకపోయింది. మూడు దెబ్బలు. ఊపిరి. పెద్ద దెబ్బ.

"అబ్బో, మీ పెదనాన్నకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే! ఎంత కుదురుగా కొడుతున్నాడో చూడు," అని నవ్వింది టెగ్వెన్. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకి. చప్పుడు వైపు తిరిగి నడక మొదలుపెట్టింది.

రెండు వందల అడుగులు వేసి ఉంటారు. ఒడ్డు వైపు వెళ్తుంటే కాళ్ల కింద ఇసుక గట్టిపడాలి. ఇక్కడ మెత్తబడుతోంది. నీళ్లు చీలమండలు దాటాయి. టెగ్వెన్ ఆగిపోయింది. అప్పుడు వినిపించింది వెనకనుంచి, చాలా దూరంలో, ఇంకో బాల్చీ. గబగబా నాలుగు దెబ్బలు, ఎక్కడా ఆగకుండా.

అది ఎమ్రిస్. ఆ చేతకాని వాయింపు ఈ భూమ్మీద ఇంకెవరిదీ కాదు.

మరి ముందున్నదెవరు? ఆ వరస అంత కుదురుగా కొట్టడం తను కాక ఇంకిద్దరికే వచ్చు. ఒకరు టెగ్వెన్ తల్లి. ఆవిడ మంచం మీద పోయింది, చర్చి పక్కన శ్మశానంలో ఉంది. రెండో మనిషి ఈ ఇసుక మీదికి వచ్చి తిరిగి ఇల్లు చేరలేదు.

"పెద్దమ్మా," అంది నెస్ట్. గొంతు చిన్నపిల్లది అయిపోయింది. "నేను సూపు తాగనని మొండికేస్తే అమ్మ వంటింటి బల్ల మీద ఇలాగే కొట్టేది."

"వెనక్కి తిరుగు."

"అది అమ్మే."

"తెలుసే. వెనక్కి తిరుగు."

నెస్ట్ ముందుకే లాగింది. శాలువా బిగుసుకుంది. "అమ్మ పిలుస్తుంటే వెళ్లొద్దంటావేంటి? ఆవిడ నాకు చెడు చేస్తుందా?"

"ఎందుకు చేస్తుందే, పిచ్చిదానా? ఇంటికి రమ్మంటోంది. దాని ఇల్లు ఇప్పుడు అటుంది, అంతే."

ఆ మాట అంటుంటే టెగ్వెన్‌కి కూడా అటే వెళ్లాలనిపించింది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల కన్నా ఆమెకే ఎక్కువ అనిపించింది. వెళ్లి చెల్లెలి కాళ్ల మీద పడితే పదమూడేళ్ల బరువు దిగుతుంది. కాని మణికట్టుకి కట్టుకున్నది మార్గెడ్ బిడ్డ. తల్లిని పోగొట్టిన చేత్తోనే బిడ్డని కూడా నీళ్లలోకి నడిపించడానికి మనసొప్పలేదు.

"నీకో మాట చెప్పాలి," అంది. "ఆ రోజు నేను ఆపేశాను."

"ఏంటి ఆపింది?"

"బాల్చీ కొట్టడం. రెండు గంటలు కొట్టాను. వేళ్లు కొయ్యబారిపోయాయి. చర్చి గదిలో పొయ్యి వెలుగుతోంది. వెళ్లి ఒక కప్పు టీ తాగొచ్చాను. ఒక్క కప్పు. మళ్లీ వచ్చి చీకటి పడేదాకా కొట్టాను. ఆపలేదని అందరికీ అబద్ధం చెప్పాను."

మంచులో నెస్ట్ మొహం సరిగా కనిపించలేదు. ఊపిరి మాత్రం వినిపించింది.

"అంటే అమ్మ నీ చప్పుడు వింటూ వస్తూ వస్తూ..."

"అవును."

"అమ్మమ్మకి చెప్పలేదా? నాన్నకి?"

"ఎవ్వరికీ చెప్పలేదు. తిట్టు. కొట్టు. గొంతు పిసుకు. ఏం చేసినా ఒడ్డెక్కాక చెయ్యి. అక్కడ మీ పెదనాన్న ఆపకుండా కొడుతున్నాడు చూడు. ఆయన ఆపడు. నడు."

ఆ లాగులాటలో ఇంకా లోపలికి వచ్చేశారు, నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. నెస్ట్ గిరుక్కున తిరిగి, ఆ వంకర వాయింపు వైపు విసవిసా నడిచింది. కోపమే దాన్ని నడిపించింది. టెగ్వెన్‌ని శాలువా కట్టి ఈడ్చుకుపోతున్నట్టే తీసుకుపోయింది. రెండుసార్లు టెగ్వెన్ తూలి పడింది. నెస్ట్ ఆగింది కాని చెయ్యి అందించలేదు. వెనక ఆ కుదురైన చప్పుడు తగ్గలేదు, పెరగలేదు. వాళ్లెంత దూరం నడిస్తే అంత దూరమూ వాళ్ల వెంటే వచ్చినట్టుంది.

ఇసుక గట్టిపడింది. గట్టు రాళ్లు కాలికి తగిలాయి. ఎమ్రిస్ టోపీ ఎక్కడో పడిపోయింది. అరచేతుల్లో బొబ్బలు చితికి కర్రంతా రక్తం. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా బాదుతూనే ఉన్నాడు.

"ఇద్దరూ వచ్చారా? ఇద్దరూనా?" అని ఇద్దరినీ తడిమి చూసుకుని, అప్పుడు కర్ర కింద పెట్టాడు.

బాల్చీ ఆగింది. ఆగగానే మంచులోనుంచి రెండోది స్పష్టంగా వినిపించింది. మూడు దెబ్బలు. ఊపిరి. పెద్ద దెబ్బ.

"ఇందాకటినుంచీ వింటున్నానే," అన్నాడు ఎమ్రిస్ గొంతు తగ్గించి. "మీరే జవాబు కొడుతున్నారనుకున్నాను. మీ దగ్గర బాల్చీ ఏదీ? ఎవరే అది?"

నెస్ట్ శాలువా ముడి విప్పుకుంది. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. సముద్రం వైపే చూస్తూ అడిగింది. "పెదనాన్నా, కొట్టేవాళ్లు ఎప్పుడు ఆపుతారు?"

"వెళ్లినవాళ్లంతా ఇంటికి చేరాక ఆపుతారమ్మా."

"మనం చేరలేదుగా మరి, అమ్మ దగ్గరికి."

ఎమ్రిస్‌కి అర్థమైంది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, పెళ్లాం వైపు తిరిగాడు. "కాసేపుంటే ఆపేస్తుందిలేవే. చేతులు నొప్పెట్టవూ? ఎంత మార్గెడ్ అయినా..."

"ఆపదయ్యా," అంది టెగ్వెన్. "నాలాగా టీకి పోయే మనిషి కాదది."