ఉయ్యాల కొక్కెం

సంగం జాగర్లమూడి వెంకటప్పయ్య మేస్త్రి పోసిన స్లాబు కారదని తెనాలి నుంచి రేపల్లె దాకా పేరు. ఆ పేరు తెచ్చుకున్నదీ నేనే, ఊరూరా చెప్పుకు తిరిగిందీ నేనే. అందుకే నిజాంపట్నం దగ్గరి పాలెం నుంచి, నేను ఇల్లు కట్టిచ్చిన పేరంటాలు ఫోను చేస్తే మెచ్చుకోవడానికే అనుకున్నాను.

"అన్నయ్యా, మా అమ్మాయి పావనికి కొడుకు పుట్టాడు. శుక్రవారం ఉయ్యాలలో వేస్తన్నాం. స్లాబుకి నువ్వు పెట్టిన కొక్కేనికే కడతాం. నువ్వు రావాలి," అంది. గొంతు తగ్గించింది. "మధ్యాహ్నం పూట ఆయన పైన నడుస్తన్నాడు."

ఆయనంటే ఆమె భర్త పున్నారావు. మూడేళ్ల కిందట వేటకెళ్లిన బోటు తిరిగి రాలేదు, మనిషీ దొరకలేదు. బతికుండగా మిట్టమధ్యాహ్నం స్లాబెక్కి ఎండుచేపలు తిరగేసేవాడు.

ఆ చప్పుడు ఏ పక్కన అని రెండుసార్లు అడిగాను. దయ్యమంటే భయమై కాదు.

పదేళ్ల కిందట ఆ ఇల్లు కట్టేటప్పుడు పున్నారావు అడిగాడు. "తాటాకిల్లు మూడుసార్లు గాలికి పోయింది. ఇదన్నా నిలబడుద్దా, మేస్త్రీ?"

నా నోరు ఊరుకుంటుందా. "కాంక్రీటు ఎంత బరువైనా మోసుద్ది బావా, వంచితే మాత్రం పగులుద్ది. ఇనుము వంగుద్ది గానీ తెగదు. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే తుపాను కాదు, దాని తాత వచ్చినా కదలదు. నిప్పంటుకోదు, చెదపట్టదు. సిమెంటు కడుపులో ఉన్న ఇనుముకి తుప్పు కూడా రాదు," అన్నాను. అన్నీ నిజాలే. నీళ్లు మంచివైతే.

స్లాబు రోజు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. సగం పోసేసరికి నీళ్లైపోయాయి, రావలసిన మంచినీళ్ల ట్యాంకరు రాలేదు. స్లాబు మొదలెట్టాక నడుమ ఆపకూడదు, ఆపితే అతుకు దగ్గర కారుతుంది. పున్నారావు బిందె తీసుకుని ఉప్పుటేటికి పోయాడు. మొదటి బిందె దించి, "ఉప్పునీళ్లు పర్లేదా, మేస్త్రీ?" అన్నాడు.

ఉప్పు ఇనుముని తింటుందని నాకు తెలుసు. అయినా అతుకు పడకూడదు, నా పేరు పోకూడదు. "పర్లేదు," అన్నాను. కొక్కెం ఉన్న తూర్పు సగమంతా ఆ నీళ్లతోనే పోశాం. బిందెలన్నీ పున్నారావే మోశాడు.

శుక్రవారం నేను వెళ్లేసరికి పేరంటాలు పాత చీరతో ఉయ్యాల కట్టి పసుపు రాసి ఉంచింది. పన్నెండు దాటింది. పైన టక్కుమంది. కాసేపాగి మళ్లీ టక్కుమంది.

"విన్నావా, అన్నయ్యా. మనవణ్ణి చూడ్డానికొచ్చాడు," అని నవ్వింది.

నేను తలెత్తి చూశాను. కొత్తగా వేసిన సున్నం మీద కొక్కెం చుట్టూ తుప్పు మరక, దాన్నుంచి మూరెడు పొడుగున పగులు. పావని బిడ్డని ఉయ్యాలలో పడుకోబెట్టడానికి వంగుతోంది.

"పావనీ, బిడ్డని ఇవతలకి తీసుకురామ్మా," అన్నాను.

అందరినీ వాకిట్లోకి పంపి, స్టూలెక్కి సుత్తితో కొక్కెం పక్కన ఒక్కటే దెబ్బ వేశాను. పీటంత పెచ్చు ఊడి ఉయ్యాలలో పడింది, చీర నిలువునా చిరిగింది. బయటపడ్డ ఇనుముని వేలితో నొక్కితే ఉల్లిపొట్టులా పొరలు పొరలుగా రాలింది. స్టూలు దిగి వాకిట్లో ఉన్న పేరంటాల్ని పిలిచాను.

"నడిచేది పున్నారావు కాదు, చెల్లెమ్మా," అన్నాను. "తుప్పుకి ఇనుము ఉబ్బి కాంక్రీటుని పగలగొడతంది. ఎండకి ఆ పగులు కదిలి చప్పుడొస్తంది. ఉప్పునీళ్లు పొయ్యకూడదని తెలిసే పోయించాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఇంటికొచ్చి ఇంత అన్నం తినేవాణ్ణి. పేరంటాలు లోపలికొచ్చి, ఉయ్యాలలోని పెచ్చు తీసి, పొడి రాల్చి, ఇంత నాలుక మీద వేసుకుంది.

"ఈ ఉప్పునీళ్లు మోసింది ఆయనేగా, అన్నయ్యా?"

"ఆయనే."

"మరి ఆయన కాదంటావేంటి?"

ఆ సాయంత్రమే స్లాబు కూలకుండా కింద సరుగుడు కర్రల పోట్లు పెట్టించాను. ఇది కూల్చి, మంచినీళ్లతో కొత్తది నేనే పోస్తానని చెప్పాను.

"పోద్దువుగాని," అంది. "ఆయన్ని ఎక్కడికి పంపుతావు?"

మా ఇంటి స్లాబు కాలువ మంచినీళ్లతో పోసింది. వెంట్రుకంత పగులు లేదు, నిచ్చెన వేసుకుని రెండుసార్లు చూశాను. నిన్న మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉండగా పైన టక్కుమంది. ఆ వెంటనే, "పర్లేదా, మేస్త్రీ?" అని అడిగినట్టు వినిపించింది.

"వద్దు బావా, స్లాబు ఆపేద్దాం," అన్నాను.

ఎవరితో మాట్లాడుతున్నావని వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది.