ఐదో మనిషి

టైలర్ కుట్టుమిషన్‌ని మునిసిపాలిటీ మనుషులు వీధిలోకి విసిరేశారు. ఆ చప్పుడు వినగానే అల్లికక్క చేతిలోని కేన్ బద్ద కింద పడింది. ఆమెకు చూపు లేదు. కుర్చీలు అల్లి బతుకుతుంది. మిషన్ వెనకే టైలర్ ట్రంకుపెట్టె, పరుపు వచ్చి పడ్డాయి. కాళ్లు చచ్చుబడిన టైలర్ చక్రాల కుర్చీలోంచి తిట్లు లంకించుకున్నాడు.

చెవులు వినపడని ప్రింటింగ్ ప్రెస్ కార్మికుడు నోటీసు చదివి వేళ్లతో చెప్పాడు. చదువు రాని టైలర్ ఆ వేళ్లను చూసి పైకి చెప్పాడు. ఆ ఇంట్లో కబురు నడిచే దారి అదే. ఇంట్లో ఉండే మిగతా ఇద్దరూ గుమ్మంలోంచి విన్నారు.

"ఇది కుటుంబాలుండే ప్రాంతమట. రక్తసంబంధం లేనివాళ్లు ఒక ఇంట్లో నలుగురికి మించి ఉండకూడదట. మనం ఐదుగురం. ఎల్లుండి విచారణలోపు ఒకరు పోకపోతే ఇంటికి తాళం."

ఫిర్యాదు చేసింది కాలనీ సంఘం అధ్యక్షుడు. వికలాంగుల ఇల్లు పక్కనుంటే తన బంగళా విలువ పడిపోతుందని ఆయన బాధ. రూలు సాకు మాత్రమే.

"ఆఖర్న చేరింది నేనేగా, నేను పోతానక్కా. నా ఒక్కడి కోసం అందరూ రోడ్డున పడాలా?" అన్నాడు టైలర్.

"నోర్ముయ్. ఇవాళ నువ్వు పోతే రేపు నలుగురు కూడా ఎక్కువే అంటారు. అయినా నువ్వు లేకపోతే ఈ ప్రెస్సువాడి మాట నాకెవడు చెబుతాడ్రా?"

విచారణ మునిసిపాలిటీ ఆఫీసు రెండో అంతస్తులో పెట్టారు. లిఫ్ట్ లేదు. తనవైపు జనం నిండుగా కనిపించాలని అధ్యక్షుడు బంగళాల పనివాళ్లందర్నీ తోలుకొచ్చాడు. మెట్ల దగ్గర ఆగిపోయిన టైలర్‌ని కుర్చీతో సహా మోసుకొచ్చింది ఆయన డ్రైవరూ, తోటమాలే. అది చూసి ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"ఎవరు వెళ్తున్నారు?" అన్నాడు అధికారి, తలెత్తకుండానే.

అల్లికక్క లేచింది. "ఒక్క మాటడుగుతానయ్యా. ఈ అధ్యక్షుడిగారి వరండాలో వారం రోజులు కూర్చుని కుర్చీలల్లాను. వెనక గదుల్లో వంటామె, డ్రైవరు, తోటమాలి, వాచ్‌మన్, ఊడ్చే పిల్లలిద్దరు. ఆరుగురి గొంతులూ నాకు తెలుసు. ఏ ఇద్దరికీ చుట్టరికం లేదు. వాళ్లను పంపమని నేననను. మా ఇంటికొచ్చిన రూలు ఆ గేటు ముందెందుకు ఆగిపోయిందో చెప్పండి."

అధ్యక్షుడు నవ్వాడు. "వాళ్లు పనివాళ్లమ్మా. వాళ్లను కూడా మనుషుల్లో లెక్కేస్తారా ఎవరైనా?"

వెనక ఒక బెంచీ కిర్రుమంది.

"ఇరవై ఏళ్లుగా నా చేతి తిండి తింటున్నారు అయ్యగారూ. నేను మనిషిని కానా?"

వంటామె గొంతు అది. ఆమె బెంచీల మధ్యనుంచి నడిచొచ్చి అల్లికక్క పక్కన నేలమీద కూర్చుంది. కారు తాళాలు బల్లమీద ఠపీమని పడ్డాయి. తర్వాత ఎవరెవరు లేచారో అల్లికక్కకు తెలియలేదు. పక్క బంగళాల పనివాళ్లు కూడా వచ్చి చుట్టూ కూర్చుంటుంటే భుజానికి భుజం తగిలింది. ఆమెకు ఏడుపూ, కోపమూ ఒక్కసారే వచ్చాయి.

అధికారి పోలీసులను పిలిచాడు.

"ఆ ఐదుగురినీ లాగండి. మిగతావాళ్లు బయటికి పొండి."

"మిగతావాళ్లెవరూ లేరిక్కడ," అంది వంటామె, అల్లికక్క చెయ్యి గట్టిగా పట్టుకుని.

అందర్నీ వ్యాన్లు ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంత్రం కాలనీలో బంగళాల ముందు కార్లు హారన్ల మీద హారన్లు కొట్టాయి. గేటు తీసేవాళ్లు లేరు.